వస్త్రమర్యాద - పెరుగుచున్న పిల్లలు

భగవత్సన్నిధికి పోవునపుడు ఎట్టి వస్త్రము ధరింపవలెనను ప్రశ్నకు సమాధానము అందరికిని తెలిసినదే. శుభ్రమైనది, దేహమును చక్కగా కప్పునది, సంప్రదాయమునకు విరుద్ధము కానిది అని పెద్దలు చెప్పుదురు. కాని ధరించు బాలిక పండ్రెండు, పదుమూడేండ్ల ప్రాయములో నుండి, ఆమె దేహము నెలనెలకును మారుచున్నపుడు ఈ సమాధానము చాలదు. ఏది మర్యాద? దానిని నిర్ణయించువారెవరు? ఆ పిల్ల సిగ్గుతో తల వంచుకొన్నపుడు అది ఆమె సుగుణమా, లేక మనము చేసిన గాయమా? ఈ ప్రశ్నలు నాకు గ్రంథములలో ఎదురు కాలేదు. మా యింటిలోనే ఎదురైనవి.

మా నివాసము కృష్ణాతీరమున ఇబ్రహీంపట్నము. పోలవరము కుడికాలువ దారిని వచ్చిన గోదావరీజలము కృష్ణలో కలియు చోటు మా ఊరిదే. 2016వ సంవత్సరపు కృష్ణా పుష్కరముల నాటినుండి యాత్రికులు దానిని పవిత్ర సంగమమని పిలుచుచున్నారు. కొన్నేండ్ల క్రిందట ధనుర్మాసములో మా మనుమరాలు ప్రతిదినము తెల్లవారుజామున నాతో కూడ కోవెలకు వచ్చుచుండెను. అప్పుడామె ఎనిమిదవ తరగతి. ముప్పది పాశురములును కంఠస్థము. ఆమె గొంతు వినుటకే కొందరు వృద్ధులు ముందుగా వచ్చి కూర్చుండెడివారు.

ఒకనాడు ఆ పిల్ల పట్టు పరికిణీపై తన తండ్రి పాత చొక్కాను తొడుగుకొని వచ్చినది. చొక్కా చేతులు వ్రేళ్ళవరకు వ్రేలాడుచుండెను. కోవెల మెట్లమీద నలుగురు వినుచుండగా నేను, “ఇదేమి వేషము? స్వామి సన్నిధికి వచ్చు తీరు ఇదేనా?” అని గద్దించితిని. ఆమె బదులు చెప్పలేదు. గోష్ఠిలో కూర్చుండలేదు. వెనుదిరిగి ఇంటికి పోయినది. మరునాడు రాలేదు. ఆ మరునాడును రాలేదు. కాలము మారినది, పిల్లలకు అహంకారము పెరిగినదని నేను తలపోసితిని.

నాలుగవనాడు మా గృహిణి ఊరకుండలేక చెప్పినది: “ఆ పట్టు రవికె రెండేళ్ళ కిందట కుట్టించిందండీ. చంకల్లో పట్టేసింది. చేతులెత్తి దణ్ణం పెట్టుకోడానికి లేదు. విప్పి కుడదామంటే లోపల గుడ్డ లేదు. మీరేమో పరికిణీయే కట్టుకోవాలంటారు. అందుకని పైన వాళ్ళ నాన్న చొక్కా వేసుకుంది. పిల్ల ఒళ్ళు కప్పుకుంటే మీరు తిట్టారు.”

ఆ మాట విన్న రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మర్యాద కొరకు ఆ పిల్ల తనకు తోచిన ఉపాయము చేసికొన్నది. మర్యాద పేరిట నేను ఆమెను నలుగురిలో చిన్నబుచ్చితిని. ఇద్దరిలో మర్యాద తెలిసినవారెవరు?

ఇట్టి సమయమున శ్రీమద్రామాయణమే మనకు దిక్కు. అయోధ్యాకాండలో కైకేయి నారచీరలను తెచ్చి ఇచ్చిన ఘట్టమును భక్తులెల్లరు ఎరుగుదురు. రాముడు కట్టుకొనెను, లక్ష్మణుడును కట్టుకొనెను. పట్టుచీర కట్టియున్న సీతమ్మ ఆ నారచీరలను చూచి, వలను చూచిన లేడివలె బెదరినది. ఒకదానిని మెడపై వేసికొని, రెండవదానిని చేత పట్టుకొని, ఎట్లు కట్టవలెనో తెలియక సిగ్గుతో నిలిచినది. మునులు దీనినెట్లు కట్టుకొందురని కన్నీటితో భర్తను అడిగినది. అప్పుడు శ్రీరాముడేమి చేసెను? నవ్వలేదు. నీకు ఇంతమాత్రము తెలియదా అనలేదు. వడివడిగా దగ్గరకు వచ్చి, ఆ పట్టుచీరమీదనే నారచీరను తన చేతులతో ముడివేసెను. అది చూచి అంతఃపురస్త్రీలు కంటనీరు పెట్టిరి. వసిష్ఠులవారు ఆ వస్త్రమును ఆమెకు కట్టనీయరాదని వారించి కైకేయిని నిందించిరి.

ఈ ఘట్టమును నేను ఎన్నియో పర్యాయములు పాఠము చెప్పితిని. అయినను అందున్న ధర్మసూక్ష్మము ఆ రాత్రివరకు నాకు పట్టుబడలేదు. ఆ సభలో వస్త్రము కారణముగా సిగ్గుపడినది సీతమ్మ. ఆమె యందు దోషము లేదు. తగని వస్త్రమును ఆమె చేతిలో పెట్టినవారిదే దోషము. రాముడు ఆ దోషమును ఆమెపై మోపక, ఆమె పక్షమున నిలిచి చేయూత నిచ్చెను. కోవెల మెట్లమీద నేను రాముని పక్షమున నుంటినా, కైకేయి పక్షమున నుంటినా?

లజ్జ అనునది ఏమి? గీతాచార్యుడు పదునారవ అధ్యాయమున దైవీసంపదను చెప్పుచు మార్దవము తరువాత హ్రీని చెప్పెను. తైత్తిరీయశాఖవారు పురుషసూక్తముతో పఠించు ఉత్తరానువాకమున హ్రీయు లక్ష్మియు పరమపురుషుని పత్నులుగా కీర్తింపబడిరి. అనగా లజ్జ సాక్షాత్తు దేవి. చేయరాని పని చేయుటకు మనస్సు వెనుదీయుటయే హ్రీ. అది లోపలినుండి పుట్టును. ఇతరులు వేలెత్తి చూపగా కలుగునది అవమానము. అది వెలుపలినుండి వచ్చి పడును. మొదటిది మనుష్యుని నిలబెట్టును, రెండవది క్రుంగదీయును. అవమానము చేత లజ్జను నేర్పబూనుట నిప్పు పెట్టి వనమును పెంచబూనుట వంటిది. మా మనుమరాలు కోవెలకు రాకుండుట అహంకారము కాదు, నేను పెట్టిన నిప్పు.

వస్త్రమర్యాదకు ప్రయోజనమేమని విచారింపుడు. సన్నిధిలో మన చిత్తము దేహముపై నిలువక దేవునిపై నిలువవలెను. తోటి భక్తుల చిత్తమును అట్లే నిలువవలెను. మర్యాదయైన వస్త్రము కట్టుకొన్నవారు దానిని మరచిపోగలుగుదురు. చంకలలో పట్టునది, కూర్చున్నపుడు లాగునది, వంగినపుడు జారునది అయినచో చేయి మాటిమాటికి దానిని సవరించుచుండును. మనస్సు చేతి వెంటనే పోవును. అట్టి వస్త్రము పట్టుదైనను, తాతముత్తాతల నాటిదైనను, తన ప్రయోజనమును నెరవేర్చినది కాదు. కనుక సుఖమును మర్యాదయు ఒకదానికొకటి శత్రువులని తలంపరాదు. పెరుగు వయస్సు పిల్లకు సుఖము లేని చోట మర్యాదయు నిలువదు.

“ఇట్లు ఒక్కొక్కటి విడిచిన సంప్రదాయము మిగులునా?” అని మిత్రులొకరు నన్నడిగిరి. ఆ భయము నాకును కలదు. పరికిణీ ఓణీ కట్టిన పిల్లను చూచిన నా కన్నులు నేటికిని చల్లబడును. కాని మన సంప్రదాయము పిల్లల దేహము మారునను సంగతిని మరువలేదు. ఓణీల వేడుక యన నేమి? నీవు పెరిగితివి, పాత బట్టలు నీకు చాలవు, ఇవిగో క్రొత్తవి అని మేనమామ మొదలైన బంధువులు పీటమీద కూర్చుండబెట్టి గౌరవముతో చెప్పుటయే. మగపిల్లలకు పంచెల వేడుకయు అట్టిదే. పూర్వము పరికిణీ అంచున లోమడతలు వేసి కుట్టించి, పిల్ల ఎదిగిన కొలది ఒక్కొక్క మడతను విప్పుచుండిరి. నేడు తిరుమలలో ఆర్జితసేవలకు పోవు స్త్రీలకు చీర, లంగా ఓణీలతో పాటు చున్నీతో కూడిన చుడీదారును దేవస్థానమువారు అంగీకరించుచున్నారు. మారుచున్న దేహమునకు మారని కొలత పెట్టుట మన సంప్రదాయము ఎన్నడును కాదు.

కోవెలలో అర్చకస్వాములు స్వామిని అలంకరించు విధము చూడుడు. మూర్తి ఏ పరిమాణములో నున్నదో దానికి తగినట్లు వస్త్రమును మడతురు. వస్త్రమునకు తగినట్లు మూర్తి ఉండవలెనని ఎవరును కోరరు. మరియు అలంకారసమయమున తెర వేయుదురు. జగములనెల్ల కప్పియున్నవానికే మనము తెర వేయుచున్నామే, ఇంటిలో ఎదుగుచున్న పిల్లకు ఒక తలుపు, ఒక గడియ, పిలువనిదే లోనికి రాకుండు మర్యాద ఈయవలదా? మా పవిత్ర సంగమమున స్నానము చేసి తడిబట్టలతో నిలిచిన పిల్లలను చూచినపుడెల్ల నాకిది జ్ఞప్తికి వచ్చును. 2028లో మరల కృష్ణా పుష్కరములు వచ్చును. కుటుంబముతో తరలివచ్చు భక్తులు పిల్లలకు పొడిబట్టల సంచితో పాటు అడ్డుగా పట్టుటకు ఒక దుప్పటిని కూడ మరువరాదు.

మరునాడు ఉదయము మనుమరాలిని పిలిచి, “తప్పు నాదమ్మా, తెలియక అన్నాను” అంటిని. ఆమె కొంతసేపు నేల చూచి, “పర్వాలేదు తాతయ్యా. కానీ అందరి ముందూ అన్నారు” అనినది. క్షమాపణమును చాటున చెప్పి తప్పించుకొన జూచితినని అప్పుడు తెలిసికొంటిని. ఆ సాయంకాలమే కోవెలలో, నాడు విన్నవారు వినుచుండగానే, పొరపాటు నాదని చెప్పితిని.

తరువాత తల్లి, బిడ్డ బెజవాడ బీసెంటు రోడ్డుకు పోయిరి. నేను తోడు పోయి అంగడి వెలుపలనే నిలిచితిని. లోపలి ఉడుపుల మాట తల్లి, బిడ్డ చూచుకొనదగినది. తాతకు అచట పని లేదు. పాలిస్టరు బట్ట మా వేసవిలో చెమటను పీల్చదు. అందువలన మంగళగిరి నూలు తీసికొని, మోకాళ్ళ దిగువవరకు వచ్చు వదులైన చుడీదారును, దానికి తగిన చున్నీని మా వీధిలో మిషను కుట్టు అమ్మచేత కుట్టించిరి. ప్రక్కలను, చంకలలోను విప్పుటకు వీలుగా రెండేసి అంగుళముల గుడ్డ లోపల వదలుమని మా కోడలు చెప్పినది. పిల్లలు మిక్కిలి వేగముగా ఎదుగు సంవత్సరమున బాలికలు ఏడెనిమిది సెంటీమీటర్ల వరకు పెరుగుదురు. బాలురకు ఈ వేగము రెండేండ్లు ఆలస్యముగా వచ్చును. కాన ఆరు నెలలకొకసారి బట్టలు సరిపోవుచున్నవా యని తల్లియో నాయనమ్మయో ఏకాంతమున అడుగుట మంచిది. కుట్టిన బట్ట తొడిగిన పిదప కూర్చుండి, వంగి, చేతులెత్తి మ్రొక్కి చూడవలెను. ఈ మూడును ఇబ్బంది లేక జరిగిన ఆ బట్ట కోవెలకు తగినదే. అక్క ఇట్లుండెను, పొరుగుపిల్ల అట్లున్నదని పోల్చి మాటాడరాదు. ఒక్కొక్క దేహమునకు ఒక్కొక్క కాలము.

ఆ పిల్ల ఒకనాడు నన్నడిగినది: “అన్నయ్య నిక్కరేసుకుని గుడికొస్తే ఎవరూ ఏమీ అనరేం తాతయ్యా?” నాకు బదులు తోచలేదు. కిష్కింధలో సీతమ్మ నగలను చూపినపుడు, తాను నిత్యము పాదములకు మ్రొక్కుటచే అందెలను మాత్రమే గుర్తింపగలనని లక్ష్మణుడు చెప్పిన సంగతి అప్పుడు గుర్తుకు వచ్చినది. మర్యాద కట్టుకొనువారి బట్టలో సగమే. మిగిలిన సగము చూచువారి కంటిలో నున్నది. ఆ రెండవ సగమును మగపిల్లలకు మనము నేర్పుట మానితిమి. ఆ వారమే మనుమనికి పంచె కట్టుట నేర్పితిని. కన్నులు ఎచట నిలుపవలెనో కూడ చెప్పితిని.

వానికి నేర్పుచుండగా నా బాల్యము స్మరణకు వచ్చినది. పాఠశాలలో పదుమూడవ యేట నేను హఠాత్తుగా పొడవు పెరిగితిని. పంచె మోకాళ్ళపైకి వచ్చినది, సంథ చెప్పుకొనుచుండగా కంఠము విరిగినది. తోటివారు కొంగయని పిలుచుచుండిరి. ఒకనాటి మధ్యాహ్నము గురుపత్నిగారు ఎవరును లేని సమయమున పెద్దపన్నా పంచెల జతను నా పెట్టెపై నుంచి పోయిరి. ఒక్క మాటయు అనలేదు. అత్రిమహర్షి ఆశ్రమమున అనసూయాదేవి సీతమ్మకు వస్త్రములిచ్చి, కట్టుకొనగా చూచి సంతసించిన సంగతి చదివినపుడెల్ల నాకు ఆ తల్లియే కన్నులకు కట్టును. నేను పొందిన దయను నా మనుమరాలికి ఈయక మరచితిని.

ధనుర్మాసము ముగియుటకు ఐదు దినములుండగా ఆమె మరల కోవెలకు వచ్చినది. నీలిరంగు నూలు చుడీదారు, తెల్లని చున్నీ. శాత్తుమొర వేళ రెండు చేతులును శిరస్సుపైకి ఎత్తి మ్రొక్కినది. చున్నీ కదలలేదు, ఆమె దానిని సవరించుకొననూ లేదు.

పూలమాలను ముందు తాను ధరించి స్వామికి సమర్పించిన గోదాదేవిని తొలుత మందలించినది పెంచిన తండ్రియే. ఆ మాలయే తనకు ప్రియమని స్వామి తెలుపగా పెరియాళ్వారులు తన పొరపాటును గ్రహించిరి. పెద్దలమగు మనకు ఆ వినయమును, ఎదుగుచున్న మన బిడ్డలకు బెదురు లేని భక్తిని శ్రీరంగనాథుడు అనుగ్రహించుగాక.