అరువు గొంగడి

తనది కాని బతుకును వేషంగా వేసుకుని పాడే గాయకుడు మోసగాడా? అమెరికా జానపద గాయకుడు జాక్ ఇలియట్ సభలో పాడిన పాటల రికార్డు విన్నాక, తణుకులో మా విద్యార్థులు నన్నడిగిన ప్రశ్న యిది. పశులకాపరి టోపీతో పాడే ఇలియట్ 1931లో న్యూయార్కులోని బ్రూక్లిన్‌లో, వొక వైద్యుడి యింట పుట్టాడు. చిన్నవయసులోనే యిల్లు విడిచి, పశువులతో సాహస ప్రదర్శనలిచ్చే బృందంలో చేరాడు. తరువాత వుడీ గత్రీ వెంట తిరిగి పాట నేర్చాడు.

యిది మోసమే అనేవారు గద్దర్‌ను యేమంటారు? 1949లో పుట్టి, ఇంజనీరింగు చదివి, బ్యాంకులో వుద్యోగం చేసిన గుమ్మడి విఠల్‌రావు, గొర్రెలకాపరి గొంగడి భుజాన వేసుకుని, కర్ర చేతబట్టి దశాబ్దాలపాటు పాడాడు. అంతకు ముందే, 1940లనాటి తెలంగాణ పోరాటంలో, సుద్దాల హనుమంతు గొల్లసుద్దుల రూపాన్ని తీసుకున్నాడు. పశులు కాసే పిల్లవాడి కష్టాన్ని పాట కట్టాడు. పుట్టుకే అర్హతయితే వీరి పాట నిలవదు. యెవరి కులం పాట వారే పాడుకోవాలనే పాత గోడను మనమే తిరిగి కట్టినవాళ్లమవుతాం.

అంతమాత్రాన ప్రతి అరువూ న్యాయమని కాదు. అరువు తెచ్చుకున్నవాడు బాకీ పడతాడు. ఆ బతుకు బతికేవారి యెదుట పాడి, వారి మాటకు నిలబడటమే ఆ బాకీ తీర్చటం. గదిలో తలుపులు మూసుకుని చేసిన రికార్డులో గాయకుడొక్కడే వుంటాడు. సభలో చేసిన రికార్డులో శ్రోతల నవ్వు, కేక, చప్పట్లు కూడా వుంటాయి. దాని విలువ అక్కడే వున్నది.

కాని చప్పట్లే సాక్ష్యమా? టిక్కెట్టు కొనుక్కుని వచ్చిన పట్టణ శ్రోతలు కాపరి బతుకుకు యే తీర్పు చెప్పగలరు? మన కళాశాల వుత్సవాల్లోనూ కుర్రవాడు గొంగడి వేసుకుని ఆడితే మనమందరం చప్పట్లు కొడతాం. కోతలయిన చేలల్లో బాతులు మేపుకుంటూ కొల్లేటి చుట్టూ తిరిగే మనిషి మాత్రం ఆ సభలో వుండడు. అతణ్ణి పిలవాలనే ఆలోచన కూడా మనకు రాదు.

కాబట్టి గాయకుడు యెవరి బిడ్డ అన్నది మొదటి ప్రశ్న కాదు. అతని యెదుట యెవరు కూర్చున్నారు? "నువ్వు పాడింది నా బతుకు కాదు" అనే హక్కు వారికి వున్నదా? ఆ హక్కు వున్నచోట అరువు గొంగడి బంధుత్వమవుతుంది. లేనిచోట అది మనకు వినోదం; ఆ వినోదానికి జవాబు చెప్పవలసినవాడు గాయకుడొక్కడే కాదు, చప్పట్లు కొట్టిన మనం కూడా.