మేకు – చీల – కీలకము

గోడకు కొట్టు మేకు పేరు మనది కాదు. అది పారసీకపు 'మేఖ్'. వచ్చి తెలుగింట స్థిరపడినది. మెత్తని ప్రత్తి ఏకుతో జతచేసి 'ఏకై వచ్చి మేకైనాడు' అని సామెత కట్టితిమి. ఇల్లంతయు నిలుపునదైనను పాపము, మేకునకు లోకములో మంచిపేరు రాలేదు.

సంస్కృతమున దీనిని కీలము, శంకువు అందురు. కీల ధాతువునకు బంధనమే అర్థమని ధాతుపాఠము. అగ్నిజ్వాలకును కీల యనియే పేరు. అది యిచట ప్రస్తుతము కాదు. 'కీలక విషయము' అని పత్రికలు వ్రాయు మాటయు, షష్టి సంవత్సరములలో 42వదగు కీలకయు ఈ పదమే.

శ్రీవిష్ణుసహస్రనామ పారాయణకు ముందు న్యాసమున బీజము, శక్తి చెప్పి, శంఖమును, నందకమును, చక్రమును ధరించిన స్వామి నామములను కీలకమని చెప్పుదుము గదా! పాఠశాలలో వల్లించిన నాటినుండి నేను ఈ భాగమును వేగముగా దాటించినవాడనే. ఒకనాడు పారాయణ విన్న ముదుసలి అమ్మ యొకతె, "ఆచార్యులవారూ, బంధములు వదలించు స్వామి నామములకు మేకేల కొట్టుచున్నారు?" అని అడిగినది. నాకు బదులు తోపలేదు.

తుదకది బండిచక్రమున దొరకినది. ఇరుసు కొనకు గ్రుచ్చు చీలను అమరసింహుడు 'అణి' యనెను. ఋగ్వేదమునను 'ఆణి' కలదు. తమిళులు మేకునే ఆణి యందురు. ఈ చీల చక్రమును తిరుగనీయక బిగించునది కాదు. ఇరుసును విడిచిపోనీయదు, అంతియే. అది యున్నందుననే చక్రము నిశ్చింతగా తిరుగును. ఊడెనా, నాలుగు బారలు దొర్లి బురదలో పడును. గోడమేకు బంధనము వేఱు, ఇరుసుచీల బంధనము వేఱు. మంత్రకీలకము రెండవదని నా తలంపు. పారాయణ చేయుచుండగా మనస్సు అంగడికిని, కోడలి మాటకును తిరుగక మానదు. తిరుగనిండు; ఇరుసు విడువకుండిన చాలును.

దశరథుని రథచక్రపు చీల ఊడగా కైక తన వ్రేలు గ్రుచ్చి నిలిపెనని మన యిండ్లలో చెప్పుకొందురు. వాల్మీకమున ఈ వ్రేలిమాట లేదు. గాయపడిన రాజును యుద్ధభూమినుండి తప్పించి కాపాడెనని మాత్రమే కలదు. అయినను ఆ కథ కట్టినవారు చీల విలువ యెఱిగినవారు.

ఆ అమ్మకు ఈ మాట చెప్పుటకు మఱి వీలు చిక్కలేదు. న్యాసము చదువునపుడు మాత్రము ఆ కీలకము నొద్ద ఒక్క క్షణము ఆగుచున్నాను.