చేంతాడు

భద్రకాళి చెరువు కట్ట మీద పొద్దుటి నడకకు మా మేనమామతో కలిసి వెళ్తాను. ఆయన హవల్దారుగా రిటైరయ్యాడు, శ్రీలంకకు పోయిన శాంతిసేనలో పనిచేశాడు. నేను కాలేజీలో చరిత్ర చెబుతాను. మొన్న మాట కడివెండి మీదికి మళ్లింది. 1946 జూలై 4న, దొరల మీది తెలంగాణ రైతు పోరాటంలో దొడ్డి కొమరయ్య ప్రాణమిచ్చిన ఊరు.

"యూనియన్ మిలిట్రీ 1948 సెప్టెంబరు 13న వచ్చింది మామా. అయిదు రోజులల్ల నిజాం లొంగిపోయిండు, రజాకార్ల పని అయిపోయింది. ఇగ పోవద్దా? జనగామ ఊర్లల్ల, ములుగు అడవులల్ల మూడేండ్లు ఏం జేసినట్టు?"

"పోతే ఊర్లను ఎవరు సూస్తరు అల్లుడా? నిజాం సర్కారు కూలిపోయింది, కొత్త సర్కారు ఇంకా నిలబడలే. అటు మరాఠ్వాడల ముస్లింలను ఊచకోత కోస్తున్నరు. అసొంటి యాళ్ల మిలిట్రీ వాపసు పోవుడంటే కత్తులోళ్లకు ఊర్లు అప్పజెప్పుడే."

ఈ మాటను కొట్టిపారేయలేను. ఆ ఊచకోతను విచారించిన సుందర్‌లాల్ కమిటీ నివేదిక చూసినవాణ్ణి. ఆ హత్యాకాండలో కొన్నిచోట్ల సైనికులే పాలుపంచుకున్నారని అందులో ఉంది. అయినా అయిదో రోజే తిరిగిపోవాల్సిందన్న నా మాట మాత్రం నిలవదు.

"సరే, ఉండాల్సిందే అనుకుందాం. మరి రజాకార్ల మీదికి వచ్చిన తుపాకీ, దొరల భూమి దున్నుకుంటున్న రైతు మీదికి ఎప్పుడు తిరిగింది? పారిపోయిన దేశ్‌ముఖులు మిలిట్రీ వెనుకనే ఊర్లకొచ్చిన్రు. కోయగూడేలను ఖాళీ చేయించి జనాన్ని క్యాంపులల్ల పెట్టిన్రు. వచ్చిన పని ఒకటి, చేసిన పని ఇంకొకటి. పని మారిన రోజే మిలిట్రీ ఆగి, మమ్ముల ఎందుకు పంపిన్రని అడగాలె."

"సిపాయి అడగడు."

"పంపినోళ్లు అడగాలె."

కొంతదూరం మాట్లాడకుండా నడిచాడు. తర్వాత ఎదురు అడిగాడు: "సంఘపోళ్లు మాత్రం తుపాకులు ఎప్పుడు దించిన్రు?"

నేను ఎదురుచూడని చోట తగిలింది. సంఘం పేరుతో పోరాడిన కమ్యూనిస్టులు 1951 అక్టోబరు 21న దించారు. వాళ్ల నాయకుల్లో అంతకు ఎంతో ముందే ఆపేద్దామన్నవాడు రావి నారాయణరెడ్డి. రజాకార్ల పీడ వదిలించిన సైన్యాన్ని జనం ఆదుకున్నవాళ్లుగా చూస్తున్నారు, దానిమీద యుద్ధానికి మన వెంట రారు అన్నది ఆయన వాదం. తుపాకీ దించిన మర్నాడే దేశ్‌ముఖు పొలంలో దిగుతాడన్నది పోరాటం సాగాలన్నవాళ్ల భయం. ఈ రెండు మాటలూ నిజమే, అందుకే ఇప్పటికీ బాధిస్తాయి. 1952 ఎన్నికల్లో నల్లగొండ ప్రజలు నారాయణరెడ్డికి నెహ్రూ కంటే ఎక్కువ ఓట్లు వేశారు. ఎన్నో ఊళ్లలో పంచిన భూములు చేజారనూ చేజారాయి. మొత్తం పోరాటంలో చనిపోయిన కమ్యూనిస్టులు, రైతు వీరులు నాలుగు వేలమంది దాకా ఉంటారని కమ్యూనిస్టు నాయకుడు సుందరయ్య లెక్క. ముందే ఆపి ఉంటే వీరిలో ఎందరో బతికేవారని నా నమ్మకం. కానీ దున్నుకుంటున్నవాడి చెలకకు రేపు ఎవరు కాపలా అన్నదానికి నారాయణరెడ్డి దగ్గరా జవాబు లేదు.

మామ కట్ట మీద కూర్చున్నాడు.

"జాఫ్నాల మా పోస్టు పక్కపొంటి ఒక ముసలమ్మ ఇల్లుండె. 1987 ఆగస్టుల మేం పోతే తనే నీళ్లు చేది పోసేది. అక్టోబరుల తమిళ పులులతోని లడాయి మొదలైంది. ఓనాడు పోయినం. గిలక ఉన్నది, బకెట్ ఉన్నది, చేంతాడు లేదు. విప్పి ఇంట్లకు తీస్కపోయింది. తిట్టలే, శాపం పెట్టలే. తలుపు సందుల నుంచి సూస్తున్నది."

"ఆనాడే రావాల్సింది."

"ఇంకా రెండున్నరేండ్లు ఉన్నం. పన్నెండు వందలమంది దాక పోయిన్రు. మమ్ముల పొమ్మన్నది ఆ దేశపు ప్రెసిడెంటు ప్రేమదాసనే."

"అయితే నువ్వూ నా మాటే అంటున్నవు గదా."

"సగమే. మా దగ్గర ఒక పిలగాడుండె, తమిళం తర్జుమా చేసేటోడు. మా ఎంబడి తిరిగిండని ఊరంతటికి ఎరుకే."

మన సేనను నమ్ముకుని అక్కడ ముఖ్యమంత్రి అయిన వరదరాజ పెరుమాళ్ 1990 మార్చిలో ఇండియాకు చేరుకోగలిగాడు. నేనది చెప్పబోయాను. మామ వినడం లేదు.

"ట్రింకోమలిల ఓడెక్కేనాడు రేవు కాడిదాక వచ్చిండు. నా ట్రంకుపెట్టె ఆడే మోసిండు. లిస్టుల పేరు లేదని గేటు కాడ ఆపిన్రు. పెట్టె నాకిచ్చి, నిలబడ్డడు."

చెరువు నీళ్లకేసి చూస్తూ చాలాసేపు ఊరుకున్నాడు.

"ఓడల జాగ ఉండె అల్లుడా," అన్నాడు.