జరద్గవము చేసిన తప్పు

ఇంద్రకీలాద్రి పాదమున, విజయవాడ వన్ టౌన్ ఇరుకు వీథులలో ఒకదాని అరుగుమీద, దసరా నవరాత్రులలో ఒకనాటి సాయంకాలము, కొండమీది దీపములు ఒక్కటొక్కటిగా వెలుగుచుండగా, మా అమ్మ తన మనుమరాలికి పిల్లి, గ్రద్దల కథ చెప్పుచుండెను. నేను ప్రక్కనే పడక కుర్చీలో పత్రిక చదువుచున్నట్లు నటించుచు వినుచుంటిని. పిల్లల కథలను పెద్దలు వినెడి తీరు సాధారణముగా ఇదియే. కృష్ణకు ఆవలి తెనాలివారైన చక్రపాణిగారి పూనికతో 1947లో మదరాసున మొదలైన చందమామ, ఎన్ని యిండ్లలో తండ్రి చదివి ముగించిన పిదపగాని పిల్లవాని చేతికి రాలేదో చందాదారులకు తెలియును. కథ ముగిసినది. పిల్ల ఒక క్షణము ఊరకుండి, "గద్ద ఏం తప్పు చేసిందని చంపారు నాయనమ్మా?" అని యడిగెను. "పిల్లిని నమ్మింది గదా తల్లీ" అని మా అమ్మ. "నమ్మితే చంపేస్తారా?" అని పిల్ల. మా అమ్మ బదులు చెప్పక దానిని అన్నమునకు లేవదీసికొని పోయెను. నాకు మాత్రము పత్రికలో అక్షరము సాగలేదు.

ఆ కథ హితోపదేశమున మిత్రలాభమందలిది. ఆ మిత్రలాభమునే పరవస్తు చిన్నయసూరి 1853లో తన నీతిచంద్రికద్వారా తెలుగు బాలుర పాలు చేసెను; బాలురకై వ్రాసిన ఆ వచనమును పండితులు సైతము నేటికిని నిఘంటువు ప్రక్కన నుంచుకొని చదువుకొనుట వేరు మాట. ఇవి మొదటనే పసిపిల్లల కథలు కావు. పాటలీపుత్రపు రాజు సుదర్శనుడు విష్ణుశర్మకు అప్పగించిన కొమరులు రేపు రాజ్య మేలవలసినవారు గాని ఉగ్గుపాలు త్రాగువారు గారు. మా యూర నివసించిన విశ్వనాథ సత్యనారాయణగారు 'విష్ణుశర్మ ఇంగ్లీషు చదువు' అను నవలలో ఆ గురువునే శిష్యుని గావించి నవ్వించిరి. ఆ నవ్వును పెద్దలదే.

గంగాతీరమున నొక జువ్విచెట్టు తొర్రలో కన్నులును గోళ్లును పోయిన జరద్గవమను ముసలి గ్రద్ద యుండెను. ఆ చెట్టు పక్షులు జాలిపడి తమ తమ ఆహారములో కొంచెము కొంచెము దానికి పెట్టుచుండ, అది వాని పిల్లలను కాచుచుండెను. దీర్ఘకర్ణమను పిల్లి వచ్చి, తాను నిత్యము గంగలో మునిగి, మాంసము మాని, చాంద్రాయణవ్రత మాచరించుచున్నాననియు, పెద్దలయొద్ద ధర్మము వినవచ్చితిననియు, పుట్టుకను బట్టి యొకని చంపుటయు పూజించుటయు తగదు, నడవడి నెరిగి కదా ఏదైన చేయవలెననియు పలికినది. అట్లు తొర్రలో చోటు సంపాదించి, పిల్లలనెల్ల తిని, తల్లులు వెదకబోవు సరికి జారుకొన్నది. తొర్రలో ఎముకలు చూచిన పక్షులు జరద్గవమును చంపినవి.

పిల్లవాడు దీనిలో పిల్లికి భయపడును. పెద్దవాడు భయపడవలసినది దాని మాటకు. ఆ మాటలో అసత్యమేది? పుట్టుకను గాక నడవడిని చూడుమనుట సర్వజనసమ్మతమైన ధర్మమే. పలికిన నోరు మాత్రమే మలినము. చెరువుగట్టున దర్భలు చేతబూని, బంగారు కంకణము దానమిచ్చెదనని బాటసారిని పిలిచిన ముసలిపులి ప్రసంగములోను శాస్త్రదోష మొక్కటియు లేదు. హితోపదేశ పీఠికలో నారాయణ పండితుడు, తిండి, నిద్ర, భయము, మైథునము మనుష్యునికిని పశువునకును సమానములే, ధర్మమొక్కటియే మనుష్యుని ఎక్కుడు చేయుచున్నదని సిద్ధాంతము చేసి, పుటలు త్రిప్పగానే ఆ ధర్మమును పశువుల నోట పెట్టుట పరాకున జరిగినది కాదని నా నమ్మిక. మనుష్యుని చేతిలోని దర్భ మనకు కంటబడదు. పులి పంజాలో కంటబడును.

ఇంతకన్న విచిత్రము, ఈ కథ ఎవరు ఎవరికి చెప్పుచున్నారనుట. హిరణ్యకుడను ఎలుక, తనతో చెలిమి కోరి వచ్చిన లఘుపతనకమను కాకితో, తినెడివానికిని తినబడువానికిని మైత్రి యేమని, నక్కను నమ్మి చిక్కుపడిన లేడి కథ చెప్పును. ఆ కథలోని కాకి ఆ లేడికి జరద్గవము కథ చెప్పును. కథలో కథ, దానిలో కథ, అన్నియు నమ్మవద్దనుటకే సాక్ష్యములు. ఇంత చెప్పి, చివరకు హిరణ్యకుడు కలుగు వెలికి వచ్చి కాకిని నమ్మెను! తన కథలను తానే విని నడచుకొన్నచో మిత్రలాభమే లేదు. చెలిమి చేయకున్న నీ వాకిట నిరాహారముగా ప్రాణము విడిచెదనని కాకి యనినది. చాంద్రాయణమని పిల్లియు ఉపవాసమునే చెప్పినది. ఒక ఉపవాసము నిజము, ఒకటి బూటకము. రెంటిని వేరు చేయు లక్షణము గ్రంథకర్త చెప్పలేదు. చెప్పుటకు లేదు కాబట్టియే చెప్పలేదేమో.

మా వీథిలో తల యెత్తిన కనబడు ఈ కొండమీదనే అర్జునుడు తపస్సు చేసెనని మా యూరివారి విశ్వాసము. ఆ కథలోను ఒక జంతువున్నది, అడవిపంది. దాని మేన రెండు బాణములు నాటగా, ఎదుట నిలిచిన కిరాతుడు సాక్షాత్తు పశుపతియని యెరుగక అర్జునుడు కలహించెను. గ్రద్ద హంతకుని సాధువనుకొన్నది. అర్జునుడు దేవుని వేటకాడనుకొనెను. రెండును ఎదుటివాని నెరుగమిచేత కలిగినవే. ఒకదానికి ఫలము పాశుపతము, ఒకదానికి చావు. ఇదేమి న్యాయమని చాల సేపు తలపోసితిని. అర్జునునికి ఒక ఆనవాలు దొరకినది: తాను మట్టితో చేసిన మూర్తి కర్పించిన పూదండ వేటకాని తలమీద కనబడెను. జరద్గవమునకు ఎవరే ఆనవాలు చూపినను చూచుటకు కన్నులు లేవు. మరి కన్నులున్న పక్షులో? అవి ఎముకలను చూచినవి. చూచినంతనే తీర్పు చెప్పినవి. మనమందరము తరతరములుగా గ్రద్ద తప్పునే యెన్నుచుండగా, మా పిల్ల అడిగినది పక్షులను గురించియని నాకు అప్పటికి తెలిసినది.

మరునాడు అది మరల ఆ కథయే కావలెనని పట్టుబట్టి, ఎముకలు కనబడిన చోట నాయనమ్మను ఆపినది. "ముందు గద్దను అడగాలి" అన్నది. "అడిగితే ఏం చెబుతుందే, గుడ్డిది, చూళ్లేదుగా" అని మా అమ్మ నవ్వెను.

"చూళ్లేదనే చెబుతుంది" అన్నది పిల్ల.