తొందరపడని కోత

ధ్యాన వాక్యభాగం: మార్కు 4:26–29; యోహాను 6:22–27

ఒంగోలుకు ఉత్తరాన కొన్ని మైళ్ల దూరంలో, గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి ఉంది. 1878 జూలై 3న అక్కడి ఏట్లో ఒక్క పగటిలో 2,222 మంది బాప్తిస్మం పొందారు. తెలుగు సంఘాల చరిత్ర చెప్పే ఏ బోధకుడైనా ఈ అంకె దగ్గర గొంతు పెంచుతాడు, వినేవాళ్లు స్తోత్రం అంటారు. అనవలసిందే. అయితే ఈ ఉదయం మనం ధ్యానించబోయేది ఆ రోజుకు ముందు గడిచిన ఏడాది పైచిలుకు కాలాన్ని. అన్ని నెలలూ ఆ మిషన్‌లో బాప్తిస్మాలు ఆగి ఉన్నాయి. అడిగేవాళ్లు లేక ఆగలేదు. అడిగేవాళ్లు గుమ్మంలో నిలబడి ఉండగానే, ఇవ్వవలసిన మనిషి ఇప్పుడు కాదన్నారు.

1876లో వానలు మొహం చాటేశాయి. మన పెద్దలు ధాత కరువు అని చెప్పుకునేది దాన్నే. మద్రాసు ప్రెసిడెన్సీలో లక్షల మందిని ఆ కరువు పొట్టన పెట్టుకుంది. రైతు గాదెలోనే గింజ లేనప్పుడు, ఆ రైతు కళ్లం మీద ఆధారపడి బతికే మాదిగపల్లెకు ఏం మిగులుతుంది? సర్కారు కరువు పనుల కింద బకింగ్‌హాం కాలువ తవ్విస్తోంది. అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ ఎవరెట్ క్లౌ అందులో మూడున్నర మైళ్ల ముక్కను కాంట్రాక్టుకు తీసుకున్నారు. మిషనరీ కాకముందు ఆయన తన దేశంలో సర్వే పని చేసిన మనిషి, కొలతలు ఆయనకు కొత్త కాదు. ఇతర మేస్త్రీల కింద పనికి పోవడానికి జంకిన పేదలు ఆయన క్యాంపుకు చేరారు. పార, తట్ట, దినకూలి. వచ్చినవాణ్ణి నీ దేవుడెవరని అడగలేదు. విశ్వాసికీ పని ఉంది, కానివాడికీ పని ఉంది. సంఘ బోధకులే దగ్గరుండి పని చేయించారు. తట్టలు దించి జనం అలసట తీర్చుకునే వేళ ఆ బోధకులే వాళ్ల మధ్య కూర్చుని ప్రభువు మాటలు చెప్పేవారు. భారం మోసేవాళ్లందరినీ తన దగ్గరికి రమ్మన్న యేసు పిలుపు, పొద్దుటి నుంచి నెత్తిన మట్టి మోసినవాడి చెవికి ఎలా తాకి ఉంటుందో ఊహించండి.

అలా విన్నవాళ్లు మాకు బాప్తిస్మం ఇవ్వండని అడగడం మొదలుపెట్టారు. క్లౌ ఇవ్వలేదు. కరువు సాయం తన చేతుల మీదుగా నడుస్తున్నంత కాలం ఎవరినీ అలా చేర్చుకోకూడదని నిశ్చయించుకున్నారు. కూడు పెట్టే చెయ్యీ బాప్తిస్మం ఇచ్చే చెయ్యీ ఒకటే అయినప్పుడు, ఆకలిగొన్నవాడు దేన్ని చూసి వచ్చాడో ఒక్కోసారి వాడికే తెలియదు. వాడి పేదరికాన్ని అలుసుగా తీసుకోకుండా ఉండడం, ఇచ్చేవాడి బాధ్యత.

ఈ నిర్ణయం ఎంత బరువైనదో తెలియాలంటే ఆ మిషన్ గతం కొంచెం తెలియాలి. మిషనరీ శామ్యూల్ డే 1836లో తెలుగువారి మధ్యకు వచ్చారు, 1840లో నెల్లూరులో నిలదొక్కుకున్నారు. ఏళ్లు గడిచినా విశ్వాసుల సంఖ్య వేళ్ల మీద లెక్కపెట్టేంతే. ఇక మూసేద్దామని అమెరికాలో ఒకటికి రెండుసార్లు చర్చ జరిగింది. పటంలో ఒక్క చుక్కలా మిగిలిన ఆ మిషన్‌కు ఒంటరి నక్షత్రం అని పేరు కూడా పడింది. 1854 కొత్త సంవత్సరం నాడు తెల్లవారుజామున మిషనరీ లైమన్ జ్యూయెట్ దంపతులు కొద్దిమంది తెలుగు విశ్వాసులతో కలిసి ఒంగోలు పక్కనున్న కొండ ఎక్కి, ఈ ఊరికి ఒక సేవకుణ్ణి పంపమని మోకరించారు. క్లౌ ఒంగోలులో కాపురం పెట్టింది 1866లో. మధ్యలో పన్నెండేళ్లు. 1867 జనవరి 1న ఒంగోలు సంఘం ఏర్పడినప్పుడు అందులో ఉన్నది ఎనిమిది మంది. శామ్యూల్ డే అయితే గుండ్లకమ్మ నాటి దృశ్యం చూడకుండానే కన్నుమూశారు.

ఇక్కడ యర్రగుంట్ల పేరయ్యగారిని తలచుకోకుండా ముందుకు పోలేను. తోళ్ల వ్యాపారం మీద ఊళ్లు తిరిగే మాదిగ ఆయన. దేవుణ్ణి వెతుకుతూ గురువుల దగ్గర కూర్చున్నవాడు. ఏలూరు వైపు వెళ్లినప్పుడు అక్కడి మిషనరీ నోట సువార్త విన్నారు. తన ప్రాంతంలో నేర్పేవాళ్లు ఎవరూ లేరు. విన్నదాన్ని గుండెలో పెట్టుకుని తిరిగొచ్చి, బోధకుడు వస్తాడని ఎదురు చూశారు. 1866లో ఆయనా ఆయన భార్యా బాప్తిస్మం పొందారు. తర్వాత కదిలివచ్చిన పల్లెలకు పల్లెల వెనక ఆయన నడిచిన దారులున్నాయి.

ఏళ్ల తరబడి విశ్వాసుల కరువు చూసిన మిషన్ ముందు, ఇప్పుడు జనం బారులు తీరారు. బోస్టన్‌లోని మిషన్ బోర్డుకు ఎలాంటి ఉత్తరం రాయవచ్చో ఆలోచించండి. మూసేద్దామన్నవాళ్ల నోళ్లు మూయించవచ్చు. చందాలు పెరుగుతాయి. పైగా రాసేది అబద్ధం కూడా కాదు, అడిగినవాళ్లకే ఇచ్చామని నిజాయితీగానే చెప్పుకోవచ్చు. నన్ను ఎక్కువగా కదిలించేది ఈ మాటే. మనిషి నిష్కపటత్వానికి గట్టి పరీక్ష పచ్చి అబద్ధం దగ్గర రాదు. సగం నిజం ఉన్న మంచి అవకాశం చేతికి అందినప్పుడు, ఎవరూ తప్పు పట్టలేని చోట, వస్తుంది.

ప్రభువు ఆ పరీక్షను గలిలయలో ఎదుర్కొన్నాడు. యోహాను ఆరో అధ్యాయం మొదట ఆయన అయిదు వేల మందికి కడుపునిండా పెట్టాడు. ఎవరి విశ్వాసమెంతో విచారించి రొట్టె పంచలేదు. జనం ఆయనను పట్టుకుని రాజును చేయబోతే, ఒంటరిగా కొండకు వెళ్లిపోయాడు. మర్నాడు పడవలెక్కి వెతుక్కుంటూ వచ్చినవాళ్లను చూసి ముఖం మీదే చెప్పాడు, మీరు రొట్టెలు తిని తృప్తి పొందారు గనుక వచ్చారని. ఆ అధ్యాయం చివరికి వచ్చేసరికి చాలామంది వెనక్కి వెళ్లిపోతారు. జనం పలచబడుతుంటే ఆయన మాటను పలచన చేసుకోలేదు. రొట్టె పంచినందుకూ చింతించలేదు. ఆకలికి అన్నం, ఆత్మకు సత్యం, ఒకదాన్ని చూపి మరొకదానికి బేరం పెట్టకుండా రెండూ ఇచ్చాడు.

మార్కు నాలుగో అధ్యాయంలోని రైతును చూడండి. విత్తనం చల్లాడు, పడుకున్నాడు, లేచాడు. అది ఎలా పెరుగుతోందో అతనికి తెలియదు. ముందు మొలక, తర్వాత వెన్ను, ఆ తర్వాత వెన్నులో ముదిరిన గింజ. జొన్న పండించే ఒంగోలు వైపు రైతుకు దీన్ని విడమరిచి చెప్పక్కర్లేదు. కంకి బయటపడ్డాక దూరం నుంచి చూస్తే చేను పండినట్టే కనిపిస్తుంది. దగ్గరికి పోయి ఒక గింజను గోటితో నొక్కితే పాలు చిమ్ముతాయి. అప్పుడే కోస్తే ఆ గింజ ఎండలో ముడుచుకుపోతుంది, విత్తనానికీ పనికిరాదు. అందుకే రైతు గోరు పెట్టి చూస్తాడు, కొడవలి ఇంటి చూరులోనే ఉంచుతాడు. ఆ ఆగడంలో భూమి మీద, వాన మీద, దేవుడి మీద ఎంత నమ్మకం ఉందో!

అయినా ఒక ప్రశ్న మనసును వదలదు. కరువు రోజుల్లో మనిషి ప్రాణం ఇవ్వాళ ఉంటే రేపు లేదు. నిజమైన విశ్వాసంతో బాప్తిస్మం అడిగి, ఎదురు చూస్తూనే కన్నుమూసినవాళ్లు ఉండరా? ఉండే ఉంటారు. ఇది తేలిక ప్రశ్న అని నేను అనను. కానీ క్లౌ ఆపింది బాప్తిస్మాన్ని. సువార్తను ఆపలేదు, ప్రార్థనను ఆపలేదు, కూలిని ఆపలేదు. నీళ్లలోకి దిగే అవకాశమే లేని దొంగకు సిలువ మీద పరదైసు ఇచ్చిన ప్రభువు, కాలువ గట్టు మీద చేతులు జోడించినవాణ్ణి తోసివేస్తాడని నేను నమ్మలేను. సంఘం తన లెక్క పుస్తకంలో పేరు రాయడానికి ఆలస్యం చేయవచ్చు. తండ్రి దగ్గర ఆ ఆలస్యం ఉండదు.

1878 జూన్ నాటికి సాయం డబ్బు అయిపోవచ్చింది. ఇక ఇవ్వడానికి ఏమీ లేదని తెలిశాక కూడా జనం వెల్లంపల్లికి తండోపతండాలుగా వచ్చారు. మాకు సాయం అక్కర్లేదన్నారు. పని చేసి బతికామనడానికి అరచేతుల మీది బొబ్బలు చూపించారు. రాబోయే పంట కూడా పోతే చచ్చిపోతాం, చచ్చేదేదో క్రైస్తవులుగా చస్తాం, బాప్తిస్మం ఇవ్వండన్నారు. అప్పుడిక కాదనడానికి క్లౌకు కారణం మిగలలేదు. అప్పుడు కూడా విచారణ లేకుండా ఎవరినీ ఏట్లోకి దించలేదు. ఏ పల్లెవాళ్లను ఆ పల్లె ఎరిగిన బోధకులు కూర్చోబెట్టి అడిగారు. జూలై 3న ఆరుగురు తెలుగు బోధకులు ఇద్దరిద్దరు చొప్పున వంతులు మార్చుకుంటూ బాప్తిస్మం ఇచ్చారు. క్లౌ స్వయంగా ఇవ్వలేదు. ఏడాది చివరికి సంఖ్య తొమ్మిది వేలు దాటింది.

ఆ బొబ్బల చేతుల్ని ఒకసారి కళ్ల ముందు పెట్టుకుని, మన సంగతికి వద్దాం.

మన సంఘాల్లో కొత్తగా రక్షణ పొందినవాడికి నెల తిరక్కుండానే మైకు ఇస్తున్నాం. సాక్ష్యం చెప్పమంటాం, వాడు చెబుతాడు. రెండోసారి చెప్పేటప్పుడు పాత పాపాలు కొంచెం పెరుగుతాయి, వచ్చిన మార్పు ఇంకొంచెం పెరుగుతుంది. వాడిలో కపటం లేదు, మనం తొందరపెట్టాం, అంతే. పాలు పట్టిన గింజను కోశాం. ఇక సేవ చేసేవాళ్లం సభకు వచ్చిన జనాన్ని చెప్పేటప్పుడు నాలుగు వందలను అయిదు వందలు చేస్తాం. దూరదేశంలో ఉండి సేవకు పంపేవాళ్లకు ఫొటోలు తీసి నివేదిక రాసేటప్పుడు, భోజనానికి వచ్చినవాళ్లను విశ్వాసుల లెక్కలో కలుపుతాం. దేవుని పని కోసమే కదా అనుకుంటాం. దేవుని పనికి మన దొంగ లెక్క అవసరం ఎప్పుడూ రాలేదు. ఇలాంటి చోట మాత్రం నేను మెత్తగా మాట్లాడలేను, ఎందుకంటే ఆ లెక్కల్లోకి ఎక్కేది పేదవాళ్ల పేర్లు.

ఇంకో పక్క, తమలో ఏ ఎదుగుదలా లేదని లోలోపల కుమిలిపోయేవాళ్లు ఉన్నారు. ఏళ్ల తరబడి ప్రార్థిస్తున్నా కోపం తగ్గలేదని ఒక తల్లి బాధ. వాక్యం చదవడానికి కూర్చుంటే మనసు దుకాణం లెక్కల మీదికి పోతోందని ఒక వ్యాపారి బాధ. పక్కవాళ్ల ప్రార్థన ఏరులా పారుతుంటే తన నోట మాట రాదని ఒక కుర్రవాడి బెంగ. అమ్మా, అన్నా, తమ్ముడూ, మొలక దశ పాపం కాదు. విత్తినవాడికి మొలకను చూసినా సంతోషమే. కోపం వచ్చిన మరుక్షణం పిల్లవాణ్ణి దగ్గరికి తీసుకుని తప్పయిందమ్మా అనగలుగుతున్నావా? నిరుడు అలా అనలేకపోయావు కదా. ఆ మాట నీ నోట్లోకి ఎలా వచ్చిందో నీకు తెలియదు. ఆ రైతుకూ తెలియదు. నువ్వు నిద్రపోతున్న రాత్రుల్లో దేవుడు పని చేశాడు. కంగారుపడి, ఆదివారం పూట ముదిరిన కంకిలా కనిపించాలని వేషం కడితేనే చిక్కు. లేని పరిశుద్ధతను చూపించడానికి ఖర్చయ్యే శక్తి వేరులోకి పోదు.

ఈ రోజు ఎవరైనా మీ ఆత్మీయ జీవితం ఎలా ఉందని అడిగితే, ఉన్నంతే చెప్పండి. సంఘం డబ్బు మీ చేతిలో ఉంటే రాత్రికి లెక్క రాయండి, మరొకరికి చూపించండి. మీ దగ్గర సాయం పొందినవాళ్లు ఎవరైనా ఉంటే, వాళ్లు మీ సంఘానికి రాకపోయినా ఈ నెల కూడా అంతే ఇవ్వండి. ఎవరి మార్పు కోసమైనా చాలాకాలంగా ప్రార్థిస్తుంటే ఈ సాయంత్రం మళ్లీ వాళ్ల పేరు ఎత్తండి, జవాబు వచ్చిందని ముందే ఎవరికీ ప్రకటించకండి.

ప్రార్థన: తండ్రీ, కాలువ గట్టున మట్టి మోసినవాళ్ల మొర విన్నావు, కొండ మీద మోకరించినవాళ్లకు పన్నెండేళ్ల తర్వాత జవాబిచ్చావు. మా తొందరను క్షమించు. మా సాక్ష్యంలో మేము కలిపినదాన్ని తీసివేసే ధైర్యం ఇవ్వు. మా చేతి కింద బతికేవాళ్ల అవసరాన్ని మా పేరు కోసం వాడుకోకుండా మమ్మల్ని కాపాడు. మాలో నువ్వు మొదలుపెట్టినదాన్ని నీ కాలంలో, నీ పద్ధతిలో పెంచు. యేసు నామంలో అడుగుతున్నాం, ఆమేన్.