మూసిన రథము

మూసీ యొడ్డున నున్న మా అంబర్‌పేట నుండి పడమరగా నగరమును దాటి సంగారెడ్డి దిక్కునకు బోయినచో ఎద్దుమైలారమను గ్రామము వచ్చును. అచ్చట 1984లో నెలకొల్పబడిన ఆయుధ కర్మాగారము, సోవియట్ దేశపు బీఎంపీ-2 నమూనా ననుసరించి, ఇంచుమించు 14 టన్నుల బరువుండి, ఉక్కు గొలుసుపట్టాలపై బరుగిడుచు, ఏరు అడ్డువచ్చినచో నీటిపై దేలి ఆవలి గట్టు చేరగల యుద్ధశకటములను నిర్మించినది. వాని పేరు ‘సారథ్’. వినగానే సారథి స్ఫురించును.

రెండవ ప్రపంచయుద్ధమున పదాతిని మోసిన శకటములు పెక్కింటికి పైకప్పు లేకుండెను. నెత్తిన బ్రేలు గుండ్ల భయమునకు అణ్వస్త్రభయము తోడైన పిమ్మట కప్పు మూతపడినది. 1960లో అమెరికా సేనలో బ్రవేశించిన ఎం113, అల్యూమినియపు కవచము దాల్చి, 11 మంది సైనికులను రణభూమికి జేర్చి దింపుటయే ప్రధానకార్యముగా గలది. 1967లో మాస్కో కవాతున లోకము చూచిన బీఎంపీ-1 నాటికి ఆ కవచమునకే ఫిరంగి మొలచెను. లోపలివాడు దిగకయే కాల్చుటకు బ్రక్కల రంధ్రము లేర్పడెను.

రక్షణకై పుట్టినది సంహారమునకు సాధనమగుట ధర్మమా? మా మహాకాళికి బోనమెత్తు తల్లి తన బిడ్డ చల్లగా నుండవలెననియే మ్రొక్కును. ఆ బిడ్డ జవానై సరిహద్దున నిలిచిననాడు వానికి కవచము వలదనుట అహింస యనిపించుకొనదు. కావున దోషము కవచమున లేదు. దాని చీకటిని గూర్చియే నా శంక.

శరీరము రథమనియు, బుద్ధి సారథియనియు, మనస్సు కళ్లెమనియు కఠోపనిషత్తు చెప్పినది. సారథికి మార్గము కనబడుననుట అందు గర్భితము. ఉభయసేనల నడుమ రథమును నిలుపుమన్న అర్జునునికి అచ్చట తాత కనబడెను, గురువు కనబడెను, మేనమామలు కనబడిరి. అతడే మూసిన రథమున గూర్చుండి, పెరిస్కోపు అద్దమున దుమ్మును, కదలు నీడలను మాత్రమే చూచియుండినచో విషాదమే పుట్టకుండెడిది. విషాదము లేనిచో గీతకు దావేది? చూచిన పిమ్మటను అర్జునుడు యుద్ధము చేసెననుట నిజమే. కాని తన బాణమునకు వెల యెంతయో యెరిగి చేసెను.

సారథ్ వెనుకభాగమున రెండు తలుపులు కలవు. అవి తెరచుకొని, సైనికుడు నేలపై నడుగిడి, ఎదుటివాడు ఆయుధము పట్టినవాడో, చేతులెత్తినవాడో కన్నులార జూచు క్షణమున, ఇనుము మోసికొనివచ్చిన భారమంతయు అతని బుద్ధిపై బడును. అచ్చటనుండి సారథి అతడే.