మస్సచ్చేసి పేర్లు: ఒక పూర్వపక్షం, ఒక సమాధానం

భారతీయ తర్కగ్రంథాల్లో ఒక సిద్ధాంతాన్ని స్థాపించే ముందు దానికి ఎదురు వాదాన్ని, అంటే పూర్వపక్షాన్ని, వీలైనంత బలంగా వినిపించడం పద్ధతి. ఆ వాదం చేసేవాడు పూర్వపక్షి, దానికి బదులు చెప్పేవాడు సిద్ధాంతి. ఇటలీ చౌక సినిమాల దర్శకుల్లో లెక్కలేనన్ని మారుపేర్లతో, పెద్దగా మొహమాటం లేకుండా పనిచేసిన అరిస్తిదే మస్సచ్చేసి వృత్తిజీవితాన్ని తూచడానికి ఈ పాత పద్ధతి బాగా పనికొస్తుంది, ఎందుకంటే ఆయన విషయంలో మెచ్చుకునేవారూ నిందించేవారూ ఒకే సాక్ష్యాన్ని చూపిస్తారు. 1936లో రోమ్‌లో పుట్టి, మొదట ఛాయాగ్రాహకుడిగా స్థిరపడి, తరువాత ముఖ్యంగా జో డమాటో అన్న పేరుతో ప్రసిద్ధుడై దాదాపు 200 చిత్రాలకు దర్శకుడైన ఆయన 1999 జనవరిలో రోమ్‌లోనే గుండెపోటుతో మరణించాడు.

పూర్వపక్షి వాదన ఇది: "అయ్యా, ఈయన తీసినవి ఎక్స్‌ప్లాయిటేషన్ చిత్రాలు, అంటే కథను గాని నటనను గాని నమ్ముకోకుండా, నగ్నత్వం మీదా నెత్తురు మీదా జనానికుండే కుతూహలాన్ని సొమ్ము చేసుకోవడానికి తక్కువ డబ్బుతో చుట్టేసినవి. వాటిలోనూ సొంత సరుకు తక్కువ. 1974లో ఫ్రాన్సులో 'ఎమ్మానుయెల్' ఆడితే, ఇటలీవాళ్లు ఒక 'మ'కారం తగ్గించి 'ఎమానుయెల్' అనే వరుసను లేవదీశారు. మొదటిది వేరొకరు తీసినా, 1976 నుంచి లారా గెమ్సర్ కథానాయికగా ఆ వరుసను ముందుకు నడిపింది మస్సచ్చేసే. 1982లో 'కోనన్ ద బార్బేరియన్' వస్తే అదే ఏడు 'ఏటర్' దిగింది. ఆయన సంస్థ ఫిల్మిరేజ్ నిర్మించిన 'ట్రోల్ 2'లో ట్రోల్ అనే భూతం ఒక్కటీ కనిపించదు. పేరు చూపి మభ్యపెట్టడమే ఇక్కడి వ్యాపారమైనప్పుడు ఇందులో తాత్త్విక విచారణకు ఏమి మిగిలింది?"

దీనికి సిద్ధాంతి తొందరపడడు. ఒక చిత్రం బాగా ఆడగానే అదే ఒరవడిలో పదుల చిత్రాలు తీసి, ఆ ఊపు తగ్గేదాకా వదలకపోవడాన్ని ఇటలీ పరిశ్రమలో 'ఫిలోనే' అంటారనీ, అది ఒక మనిషి కుయుక్తి కాక ఒక మార్కెట్టు మొత్తం నడిచిన తీరనీ ఆయన గుర్తుచేస్తాడు. మారుపేర్లూ అంతే, అమెరికన్ పేరుంటే సరుకు అమ్ముడుపోతుందన్న లెక్కతో సెర్జియో లియోనే అంతటివాడే 1964లో 'ఎ ఫిస్ట్‌ఫుల్ ఆఫ్ డాలర్స్'ను బాబ్ రాబర్ట్‌సన్ పేర విడుదల చేశాడు. "కాబట్టి మస్సచ్చేసిని కవితో పోల్చవద్దు, పనివాడితో పోల్చండి. ఆయన తనను గురించి చెప్పుకున్నదీ అదే. 1972లో దల్లమానో తీసిన 'సొలాంజ్' చిత్రానికి పట్టిన కెమెరాను దర్శకుడయ్యాక కూడా ఆయన వదల్లేదు. దీపాలు అమర్చుకున్నదీ, చాలాసార్లు కెమెరా నడిపిందీ తానే. పనివాడిని అడగవలసింది పని శుభ్రంగా చేశావా అనే గాని, ఈ పని ఎందుకు చేశావని కాదు" అంటాడు సిద్ధాంతి.

పనితనానికి ఉదాహరణగా సిద్ధాంతి 1979 నాటి 'బుయో ఒమేగా'ను ముందుకు తెస్తాడు. జంతువుల కళేబరాలకు గడ్డి కూరి నిలబెట్టే వృత్తిలో ఉన్న యువకుడు చనిపోయిన తన ప్రియురాలి శవాన్ని సమాధి నుంచి తవ్వి తెచ్చి, కడుపు కోసి, అవయవాలు తీసి, చివరకు ఆమె గుండెను కొరుకుతాడు. ఆ దృశ్యంలో ఆర్భాటం లేదు. కత్తెర, గిన్నె, చేతి తొడుగు, పని తెలిసిన చేతుల నిదానం మాత్రమే ఉన్నాయి, వెనక గోబ్లిన్ బృందం సంగీతం ఉంది. పోయిన మనిషిని వదులుకోలేని ప్రేమ ఎంత దూరం పోగలదో ఇంత నిబ్బరంగా చూపిన చిత్రాలు పెద్ద బడ్జెట్లలోనూ అరుదేనని సిద్ధాంతి అభిప్రాయం. అది అతిశయోక్తి కాదు.

పూర్వపక్షి ఎదురుచూసింది ఈ మాట కోసమే. "ఇందాక పనివాడన్నారు, ఇప్పుడు చూపు ఉన్నవాడంటున్నారు. మెప్పు దగ్గర కర్తగానూ, నింద దగ్గర కూలివాడుగానూ ఒకే మనిషిని నిలబెట్టడం న్యాయమా? 1977 నాటి 'ఎమానుయెల్ ఇన్ అమెరికా'లో శృంగార దృశ్యాల నడుమ, స్త్రీలను నిజంగానే చిత్రహింస పెట్టి చంపుతూ తీసినట్టు భ్రమ కలిగించే తునకలున్నాయి. మేకప్ కళాకారుడు జన్నెత్తో దె రోస్సి చేసిన గాయాలు నకిలీవే. కాని ఫిల్మును అరిగిపోయినట్టు, దొంగచాటుగా చేతులు మారినట్టు కనిపింపజేసిన తెలివి ఛాయాగ్రాహకుడిది. అక్కడ పని శుభ్రంగా చేయడమే తప్పు. 1980లో 'ఆంత్రోపోఫాగస్'లో నరమాంస భక్షకుడు గర్భస్థ శిశువును తింటాడు. నిజానికి తిన్నది తోలు ఒలిచిన కుందేలును. బ్రిటన్‌లో ప్రాసిక్యూషన్‌కు గురైన వీడియోల జాబితాలోకి అది ఎక్కింది, ఆ గోల అమ్మకానికి ప్రచారమూ అయింది."

ఇక్కడ సిద్ధాంతి వాదం మార్చుకోక తప్పదు. మన వ్యాకరణం చేయించేవాణ్ణి ప్రయోజక కర్త అనీ, చేసేవాణ్ణి ప్రయోజ్య కర్త అనీ వేరుచేస్తుంది. భారీ చిత్రాల్లో ఈ ఇద్దరి మధ్యా నిర్మాత, రచయిత, ఛాయాగ్రాహకుడు, పంపిణీదారు ఉంటారు గనుక నింద ఎవరికి చెందుతుందో తేలదు. 1980 తరువాత ఫిల్మిరేజ్‌లో మస్సచ్చేసికి ఆ సౌకర్యం లేదు. డబ్బు పెట్టేది, తీయాలని నిర్ణయించేది, కెమెరా వెనక నిలబడేది చాలావరకు ఆయనే. పెట్టుబడి తక్కువ కావడం వల్లనే ఆయన కర్తృత్వం పలచబడకపోగా చిక్కబడిందనీ, పేదరికాన్ని సాకుగా చూపడం ఈ కారణంగానే చెల్లదనీ సిద్ధాంతి ఒప్పుకుంటాడు. అయితే అదే తర్కం మంచికీ వర్తించాలని పట్టుబడతాడు: సహాయకుడిగా ఉన్న మికేలె సోవికి 1987లో 'డెలీరియా'తో తొలి చిత్రం ఇచ్చిందీ, నటుడు జార్జ్ ఈస్ట్‌మన్ చేత కథలు రాయించిందీ, నటన తగ్గించుకున్న గెమ్సర్‌కు దుస్తుల రూపకల్పన అప్పగించిందీ ఆ మనిషే.

1976లో రాజ్యాంగ న్యాయస్థానం స్థానిక ప్రైవేటు ప్రసారాలకు దారి తెరిచాక ఇటలీలో ప్రేక్షకులు థియేటర్లు వదిలి టీవీ ముందు కూర్చున్నారు. 1980ల చివరికి ఫిలోనే వ్యవస్థ కూలింది, మస్సచ్చేసి చివరి దశాబ్దం ఎక్కువగా నీలిచిత్రాల్లో గడిచింది. ఆ దశను గురించి ఇద్దరికీ చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు.

మిగిలిన తగవు పేర్లది. డేవిడ్ హిల్స్, పీటర్ న్యూటన్, స్టీవెన్ బెన్సన్, మైకేల్ వోత్రుబా అన్నవన్నీ ఆయనే. 1973లో క్లాస్ కిన్‌స్కీ నటించిన 'లా మోర్తె హా సొర్రీజో అల్లస్సస్సీనో', దర్శకుడిగా ఆయన అసలు పేరు కనిపించే అరుదైన చిత్రం. అలాంటి చిత్రానికి సొంత పేరు పెట్టుకోవడాన్ని సిద్ధాంతి గౌరవంగా చదువుతాడు, మిగతావాటికి పెట్టుకోకపోవడాన్ని పూర్వపక్షి ఒప్పుకోలుగా చదువుతాడు. రెండో పఠనమే బలమైనది: ఏది తనదని చెప్పుకోవచ్చో తెలిసినవాడికి ఏది చెప్పుకోకూడదో కూడా తెలిసే ఉంటుంది. కనుక 'బుయో ఒమేగా'కు దక్కే మెప్పునూ, 'ఎమానుయెల్ ఇన్ అమెరికా'కు తగిలే నిందనూ వేర్వేరు పేర్ల కింద కాక అరిస్తిదే మస్సచ్చేసి అన్న ఒక్క పేరు కిందనే రాయాలి.